తొమ్మిది వందల వాక్యాలూ ఒక సుత్తి దెబ్బా

మా అక్కని డిపోలో అందరూ స్టోరమ్మ అంటారు. బస్సుల విడిభాగాల గదికి ఇరవై రెండేళ్ళుగా ఆవిడే తాళం, ఆవిడే గడియ. బోల్టు కావాలన్నా, బ్రేకు లైనింగు కావాలన్నా ఆవిడ కిటికీ ముందు నిలబడాల్సిందే. నిలబడి, "అదేనమ్మా, గుండ్రంగా ఉంటుంది చూడు, మొన్న ఇచ్చావే" అన్నవాడు ఆ పూటకి ఖాళీ చేతులతో పోవాల్సిందే.

"గుండ్రంగా నీ తలకాయ కూడా ఉంది. అది ఇవ్వనా? పేరు నాకొద్దు. ముక్క పట్టుకురా, దాని మీద ఏం కొట్టి ఉందో చూస్తా" అనేది.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. కొత్త ముక్క తీసుకోవాలంటే పాతది అప్పగించాలి. బల్ల మీద కొత్తది ఎడమ పక్క, పాతది కుడి పక్క. అక్క రిజిస్టర్లో ఒక గీటు గీసి, కుడి పక్కదాని మీద సుత్తితో ఒక్కటి వేస్తుంది. చచ్చిన ముక్క మళ్ళీ ఎవరి చేతుల మీదుగానో అలమర ఎక్కి, ఏ బస్సులోనో దూరి, నలభై మంది ప్రాణాల మీదికి తేకూడదని. రోజుకి పాతిక ముప్పై దెబ్బలు, ఇరవై రెండేళ్ళు. ఆ చెయ్యి ఆవిణ్ణి అడిగి పని చేయడం ఎప్పుడో మానేసింది.

నేను ఆవిడ తమ్ముణ్ణి. అదే డిపోలో ప్రయాణికులు మరిచిపోయిన వస్తువుల గదిలో గుమాస్తాని. గొడుగులు, చెప్పులు, ఒకసారి ఏకంగా పళ్ళ సెట్టు. దానికోసం వచ్చినాయన్ని "గుర్తులు చెప్పండి" అని అడిగితే పాపం నోరు తెరిచి చూపించాడు. పోయినవాటిని వెతకడంలో నాకున్న ప్రావీణ్యం అంతటిది. ఈ కథలో నేనెంత ఉపయోగపడ్డానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఇక బావ. పక్కనే ఉన్న బస్టాండులో ముప్పై ఏళ్ళు మైకు ముందు కూర్చున్నాడు. ఏ బస్సు ఎక్కడికి, ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం దగ్గర, ఎంత ఆలస్యం, అన్నీ ఆయన నోటి మీదుగానే. ఆలస్యాన్ని కూడా శుభవార్తలా చెప్పేవాడు. బస్సు రాలేదని తిట్టుకుంటూ కూర్చున్నవాళ్ళు ఆ గొంతు విని మళ్ళీ కాళ్ళు చాపుకునేవాళ్ళు.

మూడేళ్ళ కిందట ఆ గొంతులోనే పుండు లేచింది. ప్రాణం దక్కుతుంది, గొంతు దక్కదు అన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కి ముందు ఆస్పత్రిలో స్పీచ్ టీచరమ్మ ఆయన్ని ఆరు రోజులు ఒక చప్పుడు లేని గదిలో కూర్చోబెట్టి, తొమ్మిది వందల వాక్యాలు చదివించి నేరుగా ఒక పెట్టెలోకి రికార్డు చేసింది. అక్క ఆ ఆరు రోజులూ తలుపు బయట బెంచీ మీద కూర్చుంది. తరవాత ఆ పెట్టెనే బావకి ఇచ్చారు, వేరే నకలేదీ లేదు. చేతిలో పట్టేంతది. మీటలు నొక్కి వాక్యం ఎంచుకుంటే ఆయన గొంతుతోనే పలికేది. "మంచినీళ్ళు ఇవ్వు." "ఫ్యాను వెయ్యి." "నువ్వు చెప్పింది నాకు నచ్చలేదు." ఈ చివరిదాన్ని నేను ఇంట్లో అడుగు పెట్టగానే నొక్కేవాడు, నేనింకా ఏమీ చెప్పకముందే.

పెట్టె పాతదైపోయింది. పొద్దున ఛార్జింగు పెడితే మధ్యాహ్నానికి మూగబోతోంది. టీచరమ్మ కొత్త పెట్టె ఒకటి తెప్పించి అక్కకిచ్చి, "బుధవారం సాయంత్రం రెండూ పట్టుకురండి. పాతదాన్ని కొత్తదానికి కలిపితే అదే తన గొంతు అప్పజెప్పేస్తుంది" అంది.

బుధవారం అక్క రెండు పెట్టెలూ సంచిలో పెట్టుకుని డ్యూటీకి వచ్చింది. క్లచ్ ప్లేటు కోసం వచ్చిన మెకానిక్ అడిగాడు: "ఏంటి స్టోరమ్మా, సంచి అంత భద్రంగా పెట్టావు?"

చూపిద్దామని తీసింది. కొత్తది ఎడమ పక్క పెట్టింది. పాతది కుడి పక్క పెట్టింది. ఇంతలో ఎవరో కిటికీలోంచి ఏదో నంబరు అడిగితే తల తిప్పి జవాబు చెప్పింది. చెబుతూ చెబుతూ రిజిస్టర్లో గీటు గీసింది.

టక్.

మెకానిక్ ఆ తరవాత నాతో అన్నాడు: "గురువుగారూ, నేను 'అమ్మా' అనేలోపే అయిపోయింది. ఆవిడ సుత్తిని కింద పెట్టి, 'నెక్స్ట్' అంది. అన్నాక చూసుకుంది."

---

బావతో మాత్రం "బస్సు దిగుతుంటే జారిపడింది" అని చెప్పింది. నేను పక్కనే ఉండి అవునన్నట్టు తలాడించాను. బావ పెట్టెని అటూ ఇటూ తిప్పాడు. దాని నడుమ బొటనవేలు పట్టేంత గుంట ఉంది. అందులో వేలు పెట్టి కాసేపు తడిమాడు. కాగితం లాక్కుని రాసి నాకు చూపించాడు.

"బస్సు మెట్టు గుండ్రంగా ఉందా?"

అక్క ఆ కాగితం చదివి గోడకి చేరగిలబడింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారి వచ్చింది. బావ లేచి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. తిట్టలేదు. తిట్టడానికి గొంతుండాలి, రాసి తిడితే ఏం బాగుంటుంది అనుకున్నాడేమో. తిట్టి ఉంటేనే అక్కకి కాస్త తేలికయ్యేది.

కొత్త పెట్టె ఉంది కదా అంటారు. ఉంది. దాంట్లో ఫ్యాక్టరీలో నింపిన గొంతు ఒకటుంది, వార్తలు చదివే కుర్రవాడిది. బావ ఒకసారి నొక్కాడు. "నాకు దాహంగా ఉంది" అంది పెట్టె, వాతావరణ సూచన చెప్పినట్టు. బావ దాన్ని ఆపి, సొరుగులో పెట్టి, సొరుగు మూసేశాడు. ఆ రోజునుంచి కాగితం మీద రాయడం కూడా తగ్గించాడు. సాయంత్రాలు బస్టాండు వైపు నడిచొచ్చే మనిషి గుమ్మం దాటడం మానేశాడు. వంటింట్లోకి వచ్చి గ్లాసు తీసుకుని నీళ్ళు ముంచుకునేవాడు. ఆ గ్లాసు చప్పుడు వినపడినప్పుడల్లా అక్క ఉలిక్కిపడేది.

పగిలిన పెట్టెలో గోరంత కార్డు ఒకటి చెక్కుచెదరకుండా బయటపడింది. టీచరమ్మ దాన్ని కంప్యూటర్లో పెట్టి చూసింది.

"ఫైళ్ళన్నీ ఉన్నాయి. తెరుచుకోవట్లేదు. ఆ పెట్టె ఒక్కదానికే తెలిసిన పద్ధతిలో దాచింది. కంపెనీ ఏమో మూసేసి రెండేళ్ళయింది."

"మరి దారేంటమ్మా?" అంది అక్క.

"మూసేసేటప్పుడు ఆ ప్రోగ్రాము రాసినవాళ్ళు దాని కోడ్ మొత్తం అందరికీ వదిలేశారని విన్నాను. ఎవరైనా తీసుకోవచ్చట, వాడుకోవచ్చట. ఎక్కడ వదిలారో మాత్రం తెలీదు. అది దొరికితే ఈ ఫైళ్ళు తెరవచ్చు. దొరక్కపోతే..." అని ఆగి, "ఆయన చేత మళ్ళీ చదివించలేం కదా" అంది.

---

వెతికే బాధ్యత నేను నెత్తిన వేసుకున్నాను. నెత్తి ఖాళీగానే ఉంది కనుక. ఫోను తీసి, అందరూ వెతికే చోటే, అర్జీ రాసినట్టు రాశాను: "అయ్యా, మా బావగారి గొంతు పెట్టె తాలూకు ప్రోగ్రాము కోడ్ ఉచితంగా ఎక్కడ దొరుకును?" గొంతు నొప్పికి బిళ్ళలు దొరికాయి. సంగీతం పదిహేను రోజుల్లో నేర్పుతామన్నవాళ్ళు దొరికారు. 'బావగారి' అన్న మాట పట్టుకుని పెళ్ళి సంబంధాలు కలుపుతానని ఒక జ్యోతిష్కుడు కూడా దొరికాడు. పెట్టె మీద రాసి ఉన్న పేరు కొడితే పాత పెట్టెలు అమ్మబడునన్న ప్రకటనలు. ఫోన్ చేస్తే "అయిపోయాయండీ." పదకొండు రోజులు ఇదే వరస. రోజూ పొద్దున్నే అక్క నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడేది. ఏమీ అడిగేది కాదు. నా మొహం చూసి వెళ్ళిపోయేది.

అక్క సుత్తి ముట్టుకోవడం మానేసింది. పాత ముక్కలు కుడి పక్క గుట్టగా పడుతున్నాయి. మేనేజరు మెమో ఇచ్చాడు. "ఇయ్యండి సార్, ఇంకో రెండు ఇయ్యండి" అని సంతకం పెట్టి తీసుకుంది. మా అక్క అంత మెత్తగా మాట్లాడటం డిపోలో ఎవరూ ఎరగరు. మేనేజరే భయపడి, "సెలవు కావాలా అమ్మా?" అన్నాడట.

చివరికి ఆవిణ్ణి టైంటేబుల్ మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళాను. మేడమ్ డిపో కంప్యూటర్ గదిలో ఉంటుంది. ఏ బస్సు ఎన్నింటికి కదలాలో లెక్క తేల్చే ప్రోగ్రాము ఆవిడ రాసిందే. మనిషి మంచిది, నోరు మాత్రం గరుకు కాగితం. నా పదకొండు రోజుల కృషి అంతా విని కళ్ళద్దాలు పైకి తోసుకుంది.

"అర్జీ రాశావా? కింద 'ఇట్లు తమ విధేయుడు' అని కూడా పెట్టావా?"

"పెట్టలేదండీ."

"అదొక్కటీ తక్కువైంది. ఒరే నాయనా, నువ్వు వెతికింది మనుషులు చదివే పేజీల్లో. కోడ్ అక్కడ ఉండదు. కోడ్ వెతకడానికి వేరే సాధనాలున్నాయి. అవి లోకం అంతా వదిలేసిన కోడ్ కొన్ని కోట్ల ఫైళ్ళు చదివి పెట్టుకుంటాయి. నువ్వేం కొడితే అదే వెతుకుతాయి, చుక్కతో సహా, బ్రాకెట్టుతో సహా. నీ మనసులో ఏముందో ఊహించవు. మర్యాదలు తెలీవు."

"అయితే ఈవిడకి చుట్టాలే" అన్నాను అక్కని చూపించి. అక్క నవ్వలేదు.

మేడమ్ అలాంటి సాధనం ఒకటి తెరిచి పెట్టె పేరు కొట్టింది. సున్నా. కంపెనీ పేరు కొట్టింది. సున్నా. "గొంతు", "వాక్యం", "రికార్డు" లాంటి మాటలు ఇంగ్లీషులో కొట్టింది. లక్షలు వచ్చాయి. ఇసుకలో చక్కెర ఏరినట్టు ఒక గంట కూర్చుంది. అక్క ఆవిడ కుర్చీ వెనక నిలబడి తెర వంకే చూస్తోంది.

"లేదు స్టోరమ్మా" అంది మేడమ్, మొదటిసారి కాస్త మెత్తగా. "పేరు మీద దొరకట్లేదు."

అప్పుడు అక్క, చాలా రోజుల తరవాత, నాకు తెలిసిన గొంతుతో అంది:

"పేరు ఎందుకండీ అడుగుతారు? పేరు అమ్మేవాడు పెట్టుకుంటాడు. చేసినవాడు ముక్క మీద వేరే ఏదో కొడతాడు. ఆ ఫైలు మీద ఏం కొట్టి ఉందో చూడండి."

మేడమ్ వెనక్కి తిరిగి అక్కని ఎగాదిగా చూసింది. కార్డులోని ఒక ఫైలు తీసి, లోపల ఉన్నదున్నట్టు చూపించే పనిముట్టులో తెరిచింది. తెర నిండా పిచ్చిగీతలు. ఇంకో ఫైలు తెరిచింది. ఇంకోటి. అన్నిట్లోనూ పిచ్చిగీతలే, కానీ అన్నీ ఒకే నాలుగు అక్షరాలతో మొదలవుతున్నాయి: జెడ్, క్యూ, కె, ఎం.

"ముద్ర" అంది మేడమ్ మెల్లగా. "ఇది మా ఫైలే అని గుర్తుపట్టడానికి ప్రోగ్రాము వేసుకునే ముద్ర. దీన్ని వేసిన కోడ్‌లో ఇది రాసి తీరాలి."

వెతికింది. వేలల్లో వచ్చాయి, అన్నీ పొడుగాటి అర్థం లేని అక్షరాల దండల మధ్య ఎక్కడో ఇరుక్కున్నవి. "విడి మాటగా ఉంటేనే చూపించు" అని ఆజ్ఞ పెట్టింది. సున్నా.

అక్క కుర్చీ వీపు పట్టుకుంది.

"ఉండు, ఉండు" అంది మేడమ్ తనలో తను. "ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఒక్కోసారి అక్షరాన్ని అక్షరంగా రాయరు. దాని అంకె రాస్తారు. ప్రతి అక్షరానికీ కంప్యూటర్లో ఒక అంకె ఉంటుంది."

"మా దగ్గరా అంతే. ఒకే ముక్కకి చేసినవాడి నంబరు ఒకటి, డిపో నంబరు ఒకటి" అంది అక్క.

మేడమ్ నాలుగు అక్షరాలకీ నాలుగు అంకెలు, నడుమ కామాలతో కొట్టింది. మళ్ళీ సున్నా. అప్పుడు అక్క అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నేను నీళ్ళు తేవడానికి లేచాను. ఆవిడ చెయ్యి ఊపి వద్దంది.

"తమ్ముడూ, నిన్న ఆయన బస్టాండు మైకు వినపడి కిటికీ మూసేశాడురా" అంది. "ఇప్పుడు ఎవరో రికార్డింగు పెట్టారుగా. అది వినలేక. నేను చేసిన పనికి నా చెయ్యి నరికినా..."

"చెయ్యి తరవాత నరుక్కుందువుగాని, లే" అంది మేడమ్ తెరమీంచి చూపు తిప్పకుండా. "ఈ సాధనం జనం మెచ్చినవీ, ఈమధ్య ఎవరైనా ముట్టుకున్నవీ మాత్రమే చూస్తుంది. ఎవరికీ పట్టనివి వదిలేస్తుంది. ఇంకోటి ఉంది. మూతపడ్డ చోట్లనుంచి, ఎవరూ అడగని కోడ్ కూడా ఏరి తెచ్చి దాస్తుంది. నెమ్మది. ముసలిదానిలా నడుస్తుంది. చూద్దాం."

అదే అంకెల వరస అందులో వేసింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. బయట ఒక బస్సు వెనక్కి వస్తూ కూతపెడుతోంది. ఆ చక్రం ఎంతసేపు తిరిగిందంటే, నేను నాకు తెలిసిన మొక్కులన్నీ మొక్కుకుని, తెలియనివి మొదలుపెట్టాను.

ఒకటి. ఒకే ఒక్క ఫలితం.

రెండేళ్ళుగా ఎవరూ ముట్టుకోనిది. ఒక్కరు కూడా మెచ్చుకోనిది. పెట్టె మీది పేరు అందులో ఎక్కడా లేదు. దాన్ని రాసినవాళ్ళు తమలో తాము వేరే ఏదో ముద్దుపేరుతో పిలుచుకున్నారు. మొదటి ఫైలులో పైన అనుమతి రాసి ఉంది. మేడమ్ చదివి చెప్పింది: ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, పనిచేస్తుందని మాత్రం మాకు పూచీ లేదు.

"పూచీ లేకపోవడం మన స్టోరు రూలే" అన్నాను.

"నోరు ముయ్యరా" అంది అక్క. పద్నాలుగు రోజుల్లో నన్ను తిట్టడం అదే మొదలు. ప్రాణం లేచొచ్చింది.

---

దొరికింది కదా అని వెంటనే పనిచేయలేదు. పాత కాలపు కోడ్, దానికి కావలసినవి కొన్ని ఇప్పుడు లేవు. మేడమ్ మూడు రోజులు టైంటేబుల్ పక్కన పెట్టి దాని మీద కూర్చుంది. ఆ మూడు రోజుల్లో రెండు బస్సులు ఒకే నంబరు దగ్గరికి ఒకే వేళకి వచ్చాయి. ఆ తగువు వేరే కథ. మూడో రోజు మధ్యాహ్నం మమ్మల్ని పిలిచింది.

"తెరుచుకుంది. వినండి."

మీట నొక్కింది. ఎలుక కీచుమన్నట్టు ఏదో వినపడింది. మళ్ళీ నొక్కింది. కీచు. అందులో మాటలున్నాయి, మనిషి లేడు. అక్క మొహం చూడలేక నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆశ పెట్టి తీసేయడం కంటే మొదటే లేదనడం నయం.

"ఉండవమ్మా తల్లీ, ఇదేం చావు కాదు" అంది మేడమ్. "వేగం తప్పు. ఎంత వేగంతో వినిపించాలో కోడ్‌లో ఒక అంకె ఉండాలి." వేలు పెట్టి గీత గీతా చదువుకుంటూ పోయింది. దొరికింది. మార్చింది. నొక్కింది.

"మంచినీళ్ళు ఇవ్వు."

బావ. ముప్పై ఏళ్ళ మైకు బావ. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

తొమ్మిది వందల్లో ఎనిమిది వందల అరవై ఒకటి తేలాయి. మిగతావి పాడయ్యాయి, ఇక రావు. వాటిలో "నువ్వు చెప్పింది నాకు నచ్చలేదు" కూడా ఉంది. అది పోయినందుకు నేను పైకి విచారం ప్రకటించాను. తేలిన వాక్యాలు పట్టుకొస్తే కొత్త పెట్టెలో నింపేస్తానంది టీచరమ్మ. నిజానికి కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ మేడమ్ పోతున్న అక్కని ఆపింది.

"స్టోరమ్మా, ఒక్క మాట. కోడ్ చదువుతుంటే కనపడింది. ఒక్కో వాక్యాన్ని మీ ఆయన రెండు మూడు సార్లు చెప్పాడు. బాగా వచ్చినదానికి గుర్తు పెట్టి, పెట్టె దాన్ని మాత్రమే పలికేది. మిగిలినవి పారెయ్యలేదు. కార్డులోనే ఉన్నాయి. పెట్టెకి కూడా వాటిని వినిపించే మీట లేదు. నీకు కావాలా?"

అక్కకి అర్థం కాలేదు. "తప్పుపోయినవా?"

"తప్పుపోయినవే. నేను వినలేదు. నీవి."

అక్క స్టోరు గదిలో, భోజనాల వేళ, కిటికీకి చెక్క దించి విన్నది. తలుపు బయట నేను నిలబడ్డాను. వినకూడదు, నాకు తెలుసు. విన్నాను. దగ్గు. "ఛ, మళ్ళీ." టీచరమ్మ గొంతు: "ఇంకొక్కసారి బాబాయిగారూ." బావ నవ్వు, ఆ నవ్వు మేం మూడేళ్ళుగా వినలేదు, ఆ తొమ్మిది వందల్లో నవ్వుకి నంబరు లేదు. "'నాకు భయంగా ఉంది' అని ఎందుకమ్మా చదివిస్తావు, ఎవరికి చెప్పుకుంటాను?" కాగితాల చప్పుడు. ఎక్కడో నాలుగో రోజో అయిదో రోజో, గొంతు బొంగురుపోయి, అలిసిపోయి, ఎదురుగా ఉన్నది టీచరమ్మ అన్న సంగతే మరిచిపోయి:

"ఏమోయ్, కాస్త నీళ్ళు."

లోపల అదే ముక్క మళ్ళీ వినపడింది. మళ్ళీ. ముప్పై ఏళ్ళు ఇంట్లో ఆయన అక్కని పిలిచింది అలాగే. ఆస్పత్రివాళ్ళు రాసిన తొమ్మిది వందల వాక్యాల్లో ఆ పిలుపు లేదు. వాళ్ళకేం తెలుసు? మూడేళ్ళుగా ఆయన పెట్టెతో ఏదడిగినా, ఊరికే అడిగాడు, పిలవలేదు. మాకెవరికీ ఆ తేడా తట్టనే లేదు, పిలిపించుకునే మనిషికి తప్ప.

టీచరమ్మ ఆ ఒక్క మాటనీ కత్తిరించి, కొత్త పెట్టెలో మొదటి మీటకి పెట్టింది. బావకి చెప్పలేదు. సొరుగులోంచి తీసుకెళ్ళిన ఆ పెట్టెని తెచ్చి చేతిలో పెట్టి, అక్క వంటింట్లోకి వెళ్ళిపోయి పంపు తిప్పింది. కడగడానికి గిన్నెలేం లేవు, అన్నీ కడిగేసే ఉన్నాయి.

బావ నమ్మకం లేని మొహంతో పెట్టెని చూశాడు. నన్ను చూశాడు. మొదటి మీట నొక్కాడు.

"ఏమోయ్."

పంపు ఆగింది. నేనింకా ఏదో చెప్పబోతుంటే బావ చూపుతో ఆపేసి మళ్ళీ నొక్కాడు, మళ్ళీ నొక్కాడు, ఆగకుండా, బస్సు కదిలిపోతోందన్నంత తొందరగా.

"వస్తున్నా, వస్తున్నా" అంది అక్క లోపల్నుంచి, ముక్కు చీదుకుంటూ. "ఎందుకంత అరుస్తావు?"